పసుపు స్విఫ్ట్, మబ్బు పట్టిన వీధి: గ్రాన్ టురిస్మో 7లో ఒక ఫొటో నిజమనిపించేదాకా

గేమ్‌లో తీసిన కారు ఫొటో చూడగానే చాలాసార్లు ‘ఏదో తేడా కొడుతోంది’ అనిపిస్తుంది. పెయింట్ బాగుంటుంది, అద్దాలు బాగుంటాయి, నేల మీద నీడ కూడా ఉంటుంది. అయినా కన్ను ఒప్పుకోదు. ప్లేస్టేషన్ కార్ల గేమ్ గ్రాన్ టురిస్మో 7లో కారు మోడల్‌కి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు. కాబట్టి ఆ తేడాను కెమెరా దగ్గర వెతకాలి. అది ఎంత దూరంలో ఉంది, ఎంత ఎత్తులో ఉంది, ఏ లెన్స్ వాడింది, అసలు ఒక మనిషి కెమెరా పట్టుకుని నిలబడగలిగే చోటేనా? ఇక్కడ ఒకే కారును ఒకే వీధిలో పెట్టి, తేడా కొట్టే ఫ్రేమ్ నుంచి కొట్టని ఫ్రేమ్ దాకా ఏ సెట్టింగ్ ఎందుకు మారిందో వరసగా రాస్తున్నాం. చివర్లో అదే కారు ట్రాక్ మీద పరుగెత్తే ఫ్రేమ్ ఒకటి.

కారు 2017 సుజుకి స్విఫ్ట్ స్పోర్ట్, పసుపు రంగు. ఈ కారునే ఎందుకు తీసుకున్నామంటే, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండేవాళ్లు రోజుకు ఎన్ని స్విఫ్ట్‌లు చూస్తారో లెక్కే ఉండదు. ఫెరారీ ముక్కు నాలుగంగుళాలు సాగినా మన కంటికి పట్టదు. స్విఫ్ట్ బానెట్ కాస్త సాగితే మాత్రం ఇట్టే దొరికిపోతుంది. స్పోర్ట్ మోడల్ మన దగ్గర అమ్మలేదు గానీ, 2018లో మన రోడ్ల మీదికొచ్చిన స్విఫ్ట్‌దీ దీనిదీ ఒకే తరం బాడీ, రెండింటి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,450 మి.మీ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కూడా ముందు తమకు బాగా తెలిసిన కారుతోనే సాధన చేయాలి. తప్పు పట్టే కన్ను అప్పటికే సిద్ధంగా ఉంటుంది.

ఈ కారు కొలతలు గుర్తుంచుకోవాలి, ముందు ముందు లెక్కలన్నీ వాటి మీదే: పొడవు 3,890, వెడల్పు 1,735, ఎత్తు 1,500 మి.మీ.

స్కేప్స్‌లో కెమెరా కదలదు

ఈ సిరీస్‌లో ఫొటో మోడ్ 2004లో, ప్లేస్టేషన్ 2 మీద గ్రాన్ టురిస్మో 4తోనే వచ్చింది. అప్పట్లో పెద్ద సైజు ఫొటో అంటే 1280 × 960. ఇప్పుడు వాడుతున్న స్కేప్స్ 2017లో గ్రాన్ టురిస్మో స్పోర్ట్‌తో మొదలైంది. స్కేప్స్ అంటే నిజమైన చోట నిజమైన కెమెరాతో తీసిన హెచ్‌డీఆర్ ఫొటో, అంటే బాగా వెలుగున్న భాగాల నుంచి చీకటి దాకా అన్నీ పట్టుకున్న ఫొటో. అందులో వెలుగు ఎటునుంచి ఎంత పడుతోందో, ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో ఆ సమాచారం కూడా ఉంటుంది. గేమ్ ఆ సమాచారంతో కారును రెండర్ చేసి, అంటే లెక్కగట్టి గీసి, ఫొటోలో నిలబెడుతుంది. ప్లేస్టేషన్ 5లో దీనికి రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టే పద్ధతి) తోడవుతుంది కాబట్టి, సైడ్ మిర్రర్ ప్రతిబింబం డోర్ మీద కనపడటం లాంటి చిన్న విషయాలు కూడా దక్కుతాయి.

దీనివల్ల పెద్ద లాభం ఒకటి, పెద్ద ఇబ్బంది ఒకటి. వెలుగు, నేల, ఆకాశం నిజమైనవే కాబట్టి సగం పని అయిపోయినట్టే, అది లాభం. ఇబ్బందేమిటంటే, బ్యాక్‌గ్రౌండ్ ఫొటో తీసిన కెమెరా ఎక్కడుందో మీ కెమెరా కూడా అక్కడే ఉంటుంది. ముందుకు నడవలేరు, వంగి తీయలేరు. మీ చేతిలో ఉన్నవి జూమ్, ఫ్రేము కాస్త అటూ ఇటూ తిప్పడం, కారును జరపడం, కారును తిప్పడం. కారు దూరం మార్చాలంటే కారునే జరపాలి.

అందుకే స్పాట్ ఎంచుకునేటప్పుడే కెమెరా ఎత్తు చూసుకోవాలి. కారును ఫ్రేములో పెట్టగానే, దూరంగా నేల గీత అంటే హొరైజన్ కారును ఎక్కడ కోస్తోందో చూడండి. చదును నేల మీద ఆ గీత కారును ఏ ఎత్తులో కోస్తే కెమెరా అంత ఎత్తులో ఉన్నట్టు. గీత రూఫ్ అంచు దగ్గరుంటే కెమెరా సుమారు 1.5 మీటర్ల ఎత్తున ఉంది, మనిషి నిలబడి తీసిన ఎత్తు. సైడ్ మిర్రర్ల దగ్గరుంటే సుమారు మీటరు, మోకాలి మీద కూర్చుని తీసినట్టు. బంపర్ దగ్గరుంటే కెమెరాను దాదాపు నేలకు ఆనించారన్నమాట. అలాంటి స్పాట్‌లో ఏ కారు పెట్టినా అడ్వర్టైజ్‌మెంట్‌లా ఉంటుంది, వీధిలో తీసిన ఫొటోలా ఉండదు. ఈ కేసుకు ఎంచుకున్నది జపాన్ విభాగంలోని సన్నని వీధి: రెండు పక్కలా చెక్క ముఖాల ఇళ్లు, మబ్బు పట్టిన పగలు, గీత మిర్రర్ల ఎత్తులో.

జపాన్‌లోనూ మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్విఫ్ట్ స్టీరింగ్ కుడివైపే. కాబట్టి కారు వీధికి ఎడమ అంచున, వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి ఆగి ఉండాలి. ఇదే కారును ఇటలీ, జర్మనీ వీధుల్లో పెడితే కుడి అంచుకు మార్చాలి. చాలామంది ఈ ఒక్కటీ చూసుకోరు. చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా, కారు ఆ వీధిది కాదని మాత్రం తెలుస్తుంది.

మొదటి ఫ్రేమ్‌లో ఏం చెడింది

మొదటి ఫ్రేమ్ సెట్టింగులు ఇవి: 24 మి.మీ. లెన్స్, అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే వెడల్పు) ఎఫ్/1.4, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) సున్నా, హెడ్‌లైట్లు హై బీమ్, లోపల డ్రైవర్, ముందు చక్రాలు పూర్తిగా తిప్పి. దాదాపు ప్రతి ఒక్కరి తొలి ఫొటో ఇలాగే ఉంటుంది, ఎందుకంటే గేమ్ ఇవ్వగలిగినవన్నీ ఒకేసారి కనిపించాలని చేయి ఆగదు. ఇందులో ఆరు తప్పులున్నాయి. వాటిలో లెన్స్ సంగతే అన్నిటికన్నా పెద్దది, అక్కడే కాస్త నిదానంగా చూడాలి.

కారును 45 డిగ్రీలు తిప్పి పెట్టినప్పుడు కెమెరాకు అడ్డంగా సుమారు 4 మీటర్లు కనపడుతుంది. కారు ఫ్రేము వెడల్పులో 60 శాతం ఆక్రమించాలంటే, కారు ఉన్న చోట ఫ్రేము వెడల్పు 6.6 మీటర్లు ఉండాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ. అనుకుంటే, 24 మి.మీ. లెన్స్‌తో అది 4.4 మీటర్ల దూరంలో సాధ్యం. ఆ దూరంలో కారు దగ్గరి మూల కెమెరాకు 2.4 మీటర్లలో, దూరపు మూల 6.4 మీటర్లలో ఉంటాయి. అంటే దగ్గరి హెడ్‌లైట్ వెనక మూలలోని లైట్ కన్నా 2.7 రెట్లు పెద్దగా పడుతుంది. స్విఫ్ట్ ముక్కు ఉబ్బి, తోక కుంచించుకుపోయి, బొమ్మ కారులా కనపడటానికి కారణం ఇదే.

50 మి.మీ. లెన్స్‌తో అదే సైజు రావాలంటే దూరం 9.2 మీటర్లు, మూలల తేడా 1.55 రెట్లు. 60 మి.మీ.తో 11 మీటర్లు, 1.44 రెట్లు. 85 మి.మీ.తో 15.7 మీటర్లు, 1.3 రెట్లు. మన కంటికి తెలిసిన స్విఫ్ట్ ఈ చివరి మూడింటిలో ఉంది. రోడ్డు అవతల ఆగి ఉన్న కారును మనం చూసేది అంత దూరం నుంచే.

గేమ్ మీకు మీటర్లు చూపించకపోయినా ఫర్వాలేదు. లెన్స్ ఎంతో స్క్రీన్ మీద ఉంటుంది, కారు ఫ్రేములో ఎంత వంతు ఆక్రమించిందో స్కేలు పెట్టి చూడొచ్చు. ఆ రెండూ తెలిస్తే దూరం తెలిసినట్టే.

జూమ్ ఎంత దాకా

లెక్క ప్రకారం 85 మంచిది. కానీ స్కేప్స్‌లో 85కి వెళ్తే ఇంకో చిక్కు వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ ఒక ఫొటో. జూమ్ చేయడమంటే ఆ ఫొటోను కత్తిరించి పెద్దది చేయడమే. మూల ఫొటో 30 మి.మీ. వెడల్పున తీసినదైతే, 60 దగ్గర దాని పిక్సెల్స్‌లో పావు వంతే మిగులుతాయి, 85 దగ్గర ఎనిమిదో వంతు. కారు మాత్రం ప్రతిసారీ కొత్తగా రెండర్ అవుతుంది కాబట్టి, ఎంత జూమ్ చేసినా అంచులు బ్లేడులా ఉంటాయి. మెత్తబడిన గోడ, దాని ముందు పదునైన కారు: కత్తెరతో కోసి అతికించినట్టు ఉంటుంది. ఎందుకో చెప్పలేకపోయినా ‘అతికించారు’ అని జనం అనేది ఈ ఫొటోల్నే.

అందుకని 60 దగ్గర ఆగాం. స్పాట్‌ను బట్టి ఈ హద్దు మారుతుంది. పద్ధతి మాత్రం ఒకటే: కారును పక్కకు జరిపి, కారు లేని బ్యాక్‌గ్రౌండ్‌ను మాత్రమే చూస్తూ జూమ్ చేయాలి. సైన్‌బోర్డు మీది అక్షరాలు, చెక్క పలకల మధ్య గీతలు మెత్తబడటం ఎక్కడ మొదలైందో చూసి, అక్కడి నుంచి కాస్త వెనక్కి రావాలి. అదే ఆ స్పాట్‌లో మీ పొడవైన లెన్స్.

60 మి.మీ., 11 మీటర్లు అని తేలాక అపెర్చర్ సులువు. ఎఫ్/2.8 దగ్గర, మధ్యలో ఫోకస్ పెడితే, సుమారు 8.7 మీటర్ల నుంచి 14.8 మీటర్ల దాకా స్పష్టంగా ఉంటుంది. కారు 9 నుంచి 13 మధ్యలో ఉంది, కాబట్టి ముక్కు నుంచి తోక దాకా అంతా ఫోకస్‌లోనే ఉంటుంది. 30 మీటర్ల దూరంలోని గోడ మాత్రం 3840 పిక్సెల్స్ వెడల్పున్న ఫొటోలో 8 పిక్సెల్స్ మేర మెత్తబడుతుంది. జూమ్ వల్ల వచ్చిన మెత్తదనాన్ని ఈ 8 పిక్సెల్స్ కప్పేస్తాయి, లెన్స్ వల్లే అలా ఉందని కన్ను సర్దుకుంటుంది. ఈ కేసులో ఎక్కువ లాభం తెచ్చిన మార్పు ఇదే.

అదే ఎఫ్/1.4 దగ్గర స్పష్టమైన భాగం సుమారు 9.7 నుంచి 12.6 మీటర్లకు కుదించుకుపోతుంది. ముక్కు, తోక రెండూ మసకబారతాయి. నాలుగు మీటర్ల వస్తువులో కొంచెమే స్పష్టంగా ఉంటే అది చిన్న వస్తువని మెదడు లెక్కగడుతుంది, ఎందుకంటే దగ్గర పెట్టి తీసిన బొమ్మల్లోనే మనం అంత బ్లర్ చూస్తాం. బ్లర్ ఎక్కువైతే ఫొటో ‘ప్రొఫెషనల్’ అవుతుందని చాలామంది అనుకుంటారు. కారు విషయంలో అది పొరపాటు.

కారును నిలబెట్టడం

స్కేప్స్‌లోకి కారు తెచ్చే ముందే కొన్ని చూసుకోవాలి. సస్పెన్షన్ స్టాక్‌గా, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి. ట్యూనింగ్‌లో కారును కిందికి దించి ఉంటే చక్రానికీ ఆర్చ్‌కీ మధ్య ఖాళీ పోయి, మన కంటికి తెలిసిన స్విఫ్ట్ కాకుండా పోతుంది. టైర్లు కంఫర్ట్ లేదా స్పోర్ట్స్ రకం. రేసింగ్ స్లిక్స్ తొడిగితే ట్రెడ్ (టైరు మీది గాళ్లు) ఉండదు, వీధిలో ఆగిన కారు నిజం కాదనడానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. నంబరు ప్లేటు ఖాళీగా ఉన్న కార్లకు, ప్లేటు నేరుగా కెమెరా వైపు తిరగని కోణం ఎంచుకోవాలి.

ఆగిన కారులో డ్రైవర్ ఉండకూడదు, అందులోనూ హెల్మెట్‌తో. బ్రేక్ లైట్లు ఆపేయాలి. పగటిపూట హెడ్‌లైట్లు కూడా ఆపేయాలి. పార్కింగ్ లైట్లు వెలిగించాలనిపిస్తే కారు ఆగిన కారణం ఫొటోలో కనపడాలి. ముందు చక్రాలను చివరిదాకా తిప్పితే షోరూమ్ పోజు అవుతుంది. నేరుగా పెడితే తప్పు లేదు. వీధి అంచుకు జరిపి ఆపిన కారు అయితే స్టీరింగ్ కొద్దిగా, పది డిగ్రీల లోపు, తిరిగి ఉండటం ఇంకా బాగుంటుంది. నిజంగా ఎవరో ఆపి దిగి వెళ్లినట్టు ఉంటుంది.

తర్వాత నేల. ఫొటోను రెండింతలు చేసి నాలుగు టైర్ల అడుగు చూడండి. టైరు నేలను తాకే చోట సన్నని, చాలా నల్లటి గీత ఉండాలి, అది బయటికి పోయేకొద్దీ పలచబడాలి. మబ్బు పట్టిన వెలుగులో కారు చుట్టూ గట్టి నీడ పడదు గానీ, కారు కింద మాత్రం చీకటిగానే ఉంటుంది. గులకరాళ్లు, రాతి పలకలు, వాలు ఉన్నచోట ఈ తాకిడి గీత తప్పుతుంది, ఒక చక్రం గాల్లో తేలినట్టు ఉంటుంది. అప్పుడు సెట్టింగులతో కుస్తీ పట్టకుండా కారును అర మీటరు జరపడమే మందు. ఈ కేసులో మొదట పెట్టిన చోట ఎడమ వెనక చక్రం మురుగు కాలువ మూత అంచు మీద పడి తేలింది. 40 సెంటీమీటర్లు ముందుకు జరిపితే సరిపోయింది.

ఎండ ఉన్న స్పాట్లలో ఇంకో జాగ్రత్త. చెట్టు నీడా ఎండా కలిసే అంచు మీద కారు పెట్టొద్దు. నేల మీద నీడ అసలు ఫొటోలోనిది. అదే నీడ బానెట్ మీద సరిగ్గా అదే గీతలో వంగి కొనసాగుతుందన్న భరోసా లేదు. పూర్తిగా ఎండలోనో పూర్తిగా నీడలోనో పెట్టాలి. అలాగే కారు పక్కనే స్తంభం, పూలకుండీ లాంటివి ఉంటే, డోర్‌లో వాటి ప్రతిబింబం ఎక్కడ ఉండాలో మనసులో ఊహించి, అక్కడ ఉందో లేదో చూడాలి. లేకపోతే కారును వాటికి దూరం జరపాలి. పసుపు, తెలుపు రంగుల్లో ఈ లోటు త్వరగా బయటపడదు. నల్ల కారులో అద్దంలో చూసినట్టు తెలిసిపోతుంది. మొదటి ప్రయత్నాలకు నల్ల కారు వద్దనేది అందుకే.

పసుపుతో వచ్చే ఇబ్బంది ఎక్స్‌పోజర్ దగ్గర. పసుపులో ఎరుపు, ఆకుపచ్చ చానెళ్లు రెండూ ఎక్కువగా ఉంటాయి. ఎక్స్‌పోజర్ సున్నా దగ్గర రూఫ్, బానెట్ మీద ఆ రెండూ గరిష్ఠ హద్దుకు తగిలి, బాడీ మీది వంపులు పోయి, పసుపు కాగితం అతికించినట్టు అవుతుంది. మైనస్ 0.7 ఈవీ (ఎక్స్‌పోజర్ కొలత) దగ్గర బానెట్ మీద మబ్బు వెలుగు మెల్లగా మారడం మళ్లీ కనపడింది. ఆకాశం మూల కొంచెం తెల్లబడే ఉంది. దాన్ని అలాగే వదిలేశాం, నిజమైన కెమెరా కూడా మబ్బు ఆకాశాన్ని ఇలాగే కాల్చేస్తుంది.

ఇక్కడ టీవీ మోసం చేస్తుంది. టీవీ హెచ్‌డీఆర్‌లో ఉంటే బానెట్ మెరుపు కళ్లు చెదిరేలా ఉంటుంది. బయటికి వచ్చే జేపెగ్‌లో అది ఉండదు, ఫోన్‌లో మసకగా దిగులుగా కనపడుతుంది. మైనస్ 0.3, 0.7, 1.0 దగ్గర మూడు తీసి, ఫోన్‌లో చూసి ఒకటి ఎంచుకోవడమే నమ్మకమైన దారి. కంట్రోలర్ మీది క్రియేట్ బటన్‌తో స్క్రీన్‌షాట్ తీయొద్దు. గేమ్‌లోని షట్టర్ నొక్కితేనే అది పూర్తి నాణ్యతతో రెండర్ చేసి దాచుకుంటుంది.

బయటికి తెచ్చాక

ఇక్కడ చేయాల్సింది తక్కువ. ముందు 3:2కి కత్తిరించాలి, 3840 × 2160 ఫొటో 3240 × 2160 అవుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఎక్కువభాగం ఆ కొలతలోనే తీస్తాయి, 16:9 చూడగానే టీవీ తెర గుర్తొస్తుంది. షార్ప్‌నెస్ పెంచొద్దు, కారు అంచులకు అది ఇప్పటికే ఎక్కువ. ఆఖరున మొత్తం ఫొటో మీద సన్నని గ్రెయిన్ (ఇసుక రేణువుల్లాంటి చుక్కలు) ఒకే మోతాదులో వేయాలి. కారుకూ గోడకూ ఒకే గ్రెయిన్ ఉంటే రెండూ ఒకే సెన్సర్ మీద పడినట్టు ఉంటాయి. గేమ్‌లోనే గ్రెయిన్ వేస్తే తర్వాత కత్తిరించి, సైజు మార్చినప్పుడు పాడవుతుంది, కాబట్టి ఇది చివరి పనే. ఫిల్టర్లు, బలమైన విగ్నెట్ (మూలలు చీకటి చేయడం), నారింజ-నీలం రంగుల మోజు ఏవీ వద్దు.

తర్వాత ఫొటోను తలకిందులు చేసి చూడాలి. కారును కారుగా గుర్తుపట్టడం ఆగిపోయి, వెలుగూ చీకటీ మాత్రమే కనపడతాయి. కారు మొత్తం చుట్టుపక్కల కన్నా ఒక మెట్టు ప్రకాశంగా ఉందా, కారు కింద నలుపు వీధిలోని మిగతా నలుపుల కన్నా లోతుగా ఉందా అన్నది అప్పుడే తేలుతుంది. ఈ ఫ్రేములో కారు కింద నలుపు మరీ గాఢంగా ఉంది, ఇళ్ల గడపల కింద చీకటి బూడిద రంగులో ఉంది. ఎడిటింగ్‌లో వెలుగు-చీకట్లు సర్దే గీత, అంటే కర్వ్‌లో అడుగు కొనను కొద్దిగా పైకి లేపితే రెండూ కలిశాయి.

షేర్ చేసేటప్పుడు గేమ్ ఫొటో అని రాయాలి. ఫొటో ఇంత నిజంగా కుదిరినప్పుడు అది తప్పనిసరి.

అదే కారు, ట్రాక్ మీద

రీప్లే ఆపి తీసే రేస్ ఫొటోలో కెమెరా ఎటైనా ఎగురుతుంది. కాబట్టి హద్దులు మీరే గీసుకోవాలి. నిజమైన ఫొటోగ్రాఫర్ గార్డ్ రెయిల్ వెనక ఉంటాడు. కెమెరాను అక్కడికి తీసుకెళ్లి, సుమారు 1.5 మీటర్ల ఎత్తులో పెట్టి, 200 మి.మీ. దాకా జూమ్ చేయాలి. ఇక్కడ చుట్టూ అంతా త్రీడీ కాబట్టి స్కేప్స్‌లో ఉన్న జూమ్ సమస్య లేదు.

షట్టర్ వేగాన్ని చక్రం నిర్ణయిస్తుంది. స్విఫ్ట్ స్పోర్ట్ టైరు 195/45 ఆర్17, చుట్టుకొలత సుమారు 1.91 మీటర్లు. గంటకు 100 కి.మీ. వేగంలో అది సెకనుకు పద్నాలుగున్నర సార్లు తిరుగుతుంది. 1/1000 సెకనులో తిరిగేది 5 డిగ్రీలు, స్పోక్స్ ఆగిపోయి ట్రాక్ మధ్యలో కారు పార్క్ చేసినట్టు ఉంటుంది. 1/125లో 42 డిగ్రీలు, స్పోక్స్ పొగలా కలుస్తాయి, అయినా చక్రం ఆకారం మిగులుతుంది. 1/30లో 175 డిగ్రీలు, సుమారు అర చుట్టు. చక్రం ఒక పళ్లెం అయిపోతుంది. అంత నెమ్మది షట్టర్‌తో నిజ జీవితంలో కారు కూడా కాస్త కదిలిపోతుంది, గేమ్‌లో మాత్రం కారు గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. అక్కడే తేడా కొట్టేది. అందుకే 1/125, కారు వేగం తగ్గితే 1/60 దాకా.

1/125 సెకనులో కారు 22 సెంటీమీటర్లు కదులుతుంది. కారు ఫ్రేములో 60 శాతం ఉంటే వెనక గీతలు 3840 పిక్సెల్స్‌లో సుమారు 130 పిక్సెల్స్ పొడవు రావాలి. నిలబడిన చోటి నుంచి కెమెరాను తిప్పితే దగ్గరి కంచె, దూరపు కొండ రెండూ ఒకే పొడవున సాగుతాయి. మీ ఫొటోలో కంచె బాగా సాగి కొండ అసలు సాగకపోతే, కెమెరా కారుతోపాటు పక్కనే ఎగురుతోందని అర్థం. ప్యానింగ్ మోడ్ (కెమెరా కారును వెంబడించే తీరు) మార్చి, కెమెరా నేల మీద స్థిరంగా ఉండి కారు వైపు తిరిగే రకం ఎంచుకోవాలి. ఈసారి డ్రైవర్ ఉండాలి, హెల్మెట్‌తో సహా.